డెడ్‌లిఫ్ట్‌లో కాలి గాయాలు - నివారణ

డెడ్‌లిఫ్ట్ అనగా నేలపై ఉన్న బరువుల బారును రెండు చేతులతో పట్టుకొని, మోకాళ్ళు, నడుము పూర్తిగా నిటారు అయ్యే వరకు లేపి, తిరిగి నేలకు దించే వ్యాయామం. ‘డెడ్’ అనే మాటకు ఇక్కడ మరణంతో సంబంధం లేదు. ప్రతిసారీ నేలపై కదలక మెదలక ఉన్న బరువును మొదటి నుండి కదిలించాలి కనుక ఆ పేరు వచ్చింది. స్క్వాట్, బెంచ్ ప్రెస్‌లతో పాటు పవర్‌లిఫ్టింగ్ క్రీడలోని మూడు అంశాలలో ఇది ఒకటి. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య 1972లో ఏర్పడింది.

ఈ వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవారికి సాధారణంగా రెండు గాయాలు తగులుతాయి. బారును లేపేటప్పుడు అది కాలి ఎముకను రాసుకొని చర్మం దోక్కుపోవడం మొదటిది. దించేటప్పుడు బారు మోకాలిచిప్పపై కొట్టుకోవడం రెండవది. కొన్ని వ్యాయామశాలలలో ఈ గీతలను కష్టపడినందుకు గుర్తుగా చూపుకునే అలవాటు ఉంది. అది సరియైన అభిప్రాయం కాదు. బారు నడవవలసిన దారిలో మోకాలు అడ్డుగా ఉన్నదని తప్ప ఆ గీతలు మరేమీ తెలుపవు. దారిలో నుండి మోకాలు ఎప్పుడు తప్పుకోవాలో, తిరిగి ఎప్పుడు ముందుకు రావాలో తెలిసినవారికి ఈ రెండు గాయాలూ చాలావరకు తగలవు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు

హైదరాబాదు తూర్పు భాగంలో, విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వం 9వ నంబరు) వెంబడి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరుసగా ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభం కావడంతో ఇవి నగరంలోని మిగతా భాగాలకు మరింత దగ్గరయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణా సంస్థలకు, విద్యార్థుల హాస్టళ్ళకు పేరుపొందినది. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల నుండి పోటీ పరీక్షల కోసం, సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం వచ్చిన యువకులు ఇక్కడ గదులలో ఉంటూ చదువుకుంటారు. వారిలో పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు కూడా ఉంటారు. తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామకాలలో పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. మహిళలకు 800 మీటర్ల పరుగుతో పాటు అవే అంశాలు దేహదారుఢ్య పరీక్షలుగా ఉన్నాయి. రెండు మూడు ఏళ్ళు చదివిన చదువు ఆ ఒక్క రోజు పరుగుపై ఆధారపడి ఉంటుంది. అటువంటి అభ్యర్థికి పరీక్షకు వారం ముందు మోకాలిచిప్ప వాయడం చిన్న విషయం కాదు.

ఈ వాడలలోని చిన్న వ్యాయామశాలలు చాలావరకు దుకాణాల పైన, రెండవ లేదా మూడవ అంతస్తులో ఉంటాయి. బరువును పైనుండి నేలపై వదిలేస్తే కింది దుకాణం కప్పు అదురుతుంది, యజమాని గొడవకు వస్తాడు. పోటీలలో వాడే చెక్క వేదిక, రబ్బరు ప్లేట్లు ఇటువంటి చోట అరుదు. అందుచేత బారును ఎంత లేపితే అంతా చేతులతోనే మెల్లగా దించవలసి వస్తుంది. అయితే లేపడం నేర్పినంత శ్రద్ధగా దించడం ఎవరూ నేర్పరు. మోకాలి దెబ్బలు ఇంత ఎక్కువగా కనిపించడానికి ఈ రచయితకు తోచిన కారణం ఇదే.

గాయం తగిలే చోటు

మోకాలికి, చీలమండకు మధ్యనున్న భాగాన్ని జంఘ అంటారు. దాని వెనుక పిక్క కండరాలు మెత్తగా ఉంటాయి. ముందువైపు మాత్రం అంతర్జంఘిక అనే పెద్ద ఎముక అంచు చర్మం కిందనే ఉంటుంది. మధ్యలో కండ లేదు, కొవ్వు కూడా బహు స్వల్పం. చీకటిలో మంచం కోడు తగిలినప్పుడు అక్కడ ప్రాణం పోయినంత నొప్పి కలగడానికి కారణం అదే. అక్కడి గాయం మానడానికి కూడా ఎక్కువ రోజులు పడుతుంది. మానేలోపే మరల రాసుకుంటే పొలుసు లేచి గాయం మొదటికి వస్తుంది.

మోకాలిచిప్ప ముందు చర్మానికి, ఎముకకు మధ్య ఒక చిన్న ద్రవపు తిత్తి ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే ఈ తిత్తి వాచి, మోకాలి మీద చిన్న నిమ్మకాయ పెట్టినట్లు కనిపిస్తుంది. చిప్పకు కొద్దిగా దిగువన అంతర్జంఘికపై ఒక బుడిపె ఉంటుంది, తడిమి చూస్తే తెలుస్తుంది. ఎదిగే వయసు పిల్లలలో ఆట, పరుగుల వలన ఆ బుడిపె వద్ద నొప్పి రావడం కద్దు. 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు వైద్యులు వేరువేరుగా వర్ణించినందున దానికి వారి పేర్లే వచ్చాయి. హైస్కూలు పిల్లవాడు అక్కడ నొప్పి అంటే బారు తగిలిందేమోనని మాత్రమే అనుకోకుండా ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

బారు కాలికి దగ్గరగా ఎందుకు ఉండాలి

కాలికి తగులుతుందని భయపడి బారును దూరంగా పెట్టుకుంటే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. దీనికి సమాధానం నీళ్ళ బిందెలో ఉంది. నిండు బిందెను నడుముకు ఆనించి చంకన పెట్టుకుంటే ఎంత దూరమైనా నడవవచ్చు. అదే బిందెను చేయి చాచి పట్టుకుంటే పది అడుగులు వేయలేము. బరువు మారలేదు, శరీరం నుండి దూరం మారింది. 100 కి.గ్రా. బారు ఉండవలసిన చోటు కంటే 5 సెం.మీ. ముందుకు జరిగితే, దానిని నిలిపేందుకు నడుము, తుంటి కండరాలపై సుమారు 49 న్యూటన్-మీటర్ల అదనపు భ్రామకం పడుతుంది (100 × 9.8 × 0.05). అంటే కాలి చర్మాన్ని కాపాడుకోబోయి నడుమును పణంగా పెట్టినట్లు అవుతుంది. చర్మం పది రోజులలో మానుతుంది, నడుము అలా కాదు.

మన హమాలీలకు ఈ దగ్గరితనం ఎవరూ చెప్పకుండానే తెలుసు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలక ముందు అక్కడ లారీల వద్ద చూసినవారికి, వారు పెట్టెను పొట్టకు ఆనించుకొని లేవడం గుర్తుండే ఉంటుంది. పల్లెలలో రాతి గుండు ఎత్తేవారు గుండును రెండు పాదాల మధ్య ఉంచుకొని, దానిని కావలించుకొని లేస్తారు. ఈ పద్ధతులలో మోకాలు బరువుకు అడ్డురాదు. బారు సంగతి వేరు. అది 2.2 మీటర్ల పొడవున రెండు కాళ్ళకూ ముందు అడ్డంగా ఉంటుంది. దగ్గరగానూ ఉండాలి, తగలకుండానూ పోవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

బారు, ప్లేట్ల కొలతలు

పోటీలలో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెం.మీ. కాబట్టి బారు మధ్యరేఖ నేలకు 22.5 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. సాధారణ ఎత్తు గల మనిషికి ఇది జంఘ మధ్యకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. కానీ చిన్న వ్యాయామశాలలలోని 5, 10 కిలోల ఇనుప ప్లేట్లు ఇంత పెద్దవి కావు. 30 సెం.మీ. వ్యాసం ఉన్న ప్లేట్లు ఎక్కిస్తే బారు 15 సెం.మీ. ఎత్తులోనే ఉంటుంది, అంటే ఏడున్నర సెంటీమీటర్లు దిగువన. అంత కిందికి చేతులు అందాలంటే మోకాళ్ళు మరింత వంచాలి. మోకాళ్ళు వంగిన కొద్దీ జంఘ ముందుకు వాలి బారుపైకి వస్తుంది. ఇక బారు పైకి లేస్తే ఎముకను గీరక తప్పదు.

దీని వలన ఒక విచిత్రమైన ఫలితం కలుగుతుంది. ఎక్కువ బరువు లేపే అనుభవజ్ఞునికి పెద్ద ప్లేట్లు, సరియైన ఎత్తు దొరుకుతాయి. తక్కువ బరువుతో మొదలుపెట్టిన కొత్తవానికి చిన్న ప్లేట్లు, తప్పుడు ఎత్తు దొరుకుతాయి. దెబ్బలు కూడా వానికే తగులుతాయి. దీనికి ఉపాయం సులభం. బారు రెండు చివరలా ప్లేట్ల కింద చెక్క దిమ్మెలు గానీ, పడుకోబెట్టిన వేరే ప్లేట్లు గానీ ఉంచి, బారును టేపుతో కొలిచి 22.5 సెం.మీ. ఎత్తుకు తేవాలి. దిమ్మెలు రెండు వైపులా ఒకే ఎత్తులో, కదలకుండా ఉండాలి. ఈ ఒక్క మార్పుతోనే గీతలు ఆగిపోయినవారు ఎందరో ఉన్నారు.

బారుపై పట్టు కోసం చెక్కిన గరుకు గీతలు కూడా గమనించదగినవి. పోటీ బారుపై ఎడమ, కుడి గరుకు భాగాల మధ్య సుమారు 42 సెం.మీ. జాగా ఉంటుంది. అందులో నట్టనడుమ చిన్న గరుకు పట్టీ ఉన్నా, దానికి ఇరువైపులా నునుపుగానే ఉంటుంది. తుంటి వెడల్పున పాదాలు పెట్టినవారి జంఘలు ఈ నునుపు భాగం ఎదుట ఉంటాయి. పాదాలు మరీ ఎడంగా పెట్టి, చేతులు మాత్రం లోపలికి పెట్టినా, పూర్తిగా ఎడంగా నిలిచే ‘సుమో’ పద్ధతి పాటించినా, జంఘలు గరుకు భాగం ఎదుటికి వస్తాయి. సుమోలో జంఘ దాదాపు నిలువుగా ఉండడం వలన రాపిడి తక్కువే గానీ, తగిలినప్పుడు ఆకురాయి పెట్టినట్లు చర్మం లేస్తుంది. తుప్పు పట్టిన, గరుకు ఎగుడుదిగుడుగా ఉన్న పాత బార్లను ఈ వ్యాయామానికి వాడకపోవడం మంచిది.

నిలబడే తీరు

పాదాలు తుంటి వెడల్పున ఉంచి, పైనుండి చూస్తే బారు పాదం మధ్య భాగంపై, సుమారుగా బూటు లేసు ముడి మీదుగా పోయేటట్లు నిలబడాలి. ఇలా నిటారుగా నిలబడినప్పుడు జంఘకు, బారుకు మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. చాలామంది నిలబడేటప్పుడే బారును కాలికి తాకిస్తారు. తరువాత మోకాళ్ళు వంచగానే జంఘ బారును ముందుకు నెడుతుంది, లేపగానే అది ఊగుతూ వెనక్కు వచ్చి ఎముకకు కొట్టుకుంటుంది.

సరిగా నిలిచిన తరువాత మోకాళ్ళు పెద్దగా వంచకుండా, తుంటిని వెనక్కు నెడుతూ వంగి బారు పట్టుకోవాలి. అప్పుడు జంఘలు బారును మెల్లగా తాకే వరకు మోకాళ్ళు ముందుకు తేవాలి. తాకగానే ఆపాలి. బారు దగ్గరకు మనం వెళ్ళాలి గానీ, బారును మన వైపు దొర్లించుకోరాదు. ఛాతీ ముందుకు చాపి, వెన్ను చదునుగా ఉంచాలి. ఈ స్థితిలో భుజాలు బారుకు కొంచెం ముందుగా ఉంటాయి, తుంటి మోకాళ్ళ కంటే ఎత్తులోనే ఉంటుంది. తుంటిని గుంజీ తీసినట్లు కిందికి దింపడం కొత్తవారు చేసే ముఖ్యమైన పొరపాటు. తొడలు పొడవుగా ఉన్నవారు ఇతరుల కంటే ఎక్కువ ముందుకు వంగవలసి వస్తుంది. పక్కవాని భంగిమను చూసి అనుకరించడం అందుకే పనికిరాదు.

లేపేటప్పుడు

బారు చివరి గొట్టానికి, ప్లేటు రంధ్రానికి మధ్య కొద్దిగా వదులు ఉంటుంది. బారును మెల్లగా బిగించి లాగితే ‘టిక్’ మని చప్పుడు వినిపించి ఆ వదులు పోతుంది. ఆ తరువాతనే బలం పెట్టాలి. ఒక్కసారిగా గుంజితే బారు ఎగిరి జంఘను గీరుతుంది.

బారు నేల విడిచినప్పటి నుండి మోకాలు దాటే వరకు పాదాలతో నేలను కిందికి నెట్టుతున్నట్లు భావించాలి. ఇలా నెట్టినప్పుడు మోకాళ్ళు నిటారవుతూ వెనక్కు పోతాయి, జంఘలు నిలువుగా నిలుస్తాయి, బారుకు దారి ఏర్పడుతుంది. బారు మోకాలును దాటిన తరువాత తుంటిని ముందుకు తెచ్చి నిలబడాలి. చంకల కింద ఒక్కొక్క పుస్తకం పెట్టుకొని జారకుండా నొక్కిపట్టినట్లు వీపు పక్క కండరాలను బిగిస్తే, బారు ముందుకు ఊగదు. బారు చర్మాన్ని తాకుతూ పోవచ్చు, చర్మంపై ఒత్తుకుంటూ పోరాదు. ప్యాంటు గుడ్డపై పొడుగునా సున్నపు గీత వంటి మచ్చ పడితే పరవాలేదు, గుడ్డ పైకి లాక్కుపోతుంటే మాత్రం ఒత్తిడి ఎక్కువైనట్లు.

ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కూడా మోకాళ్ళు ఇదే విధంగా దారి ఇవ్వాలి. స్నాచ్, క్లీన్ రెండింటిలోనూ మొదటి లాగుడులో మోకాళ్ళు వెనక్కు పోతాయి. బారు దాటిన తరువాత కొద్దిగా వంగి దాని కిందికి తిరిగి వస్తాయి. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను మొదటిసారి చేర్చిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కి.గ్రా. ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఆ పోటీల దృశ్యాలను నెమ్మది వేగంతో చూసే విద్యార్థులు బరువు వైపు కాకుండా క్రీడాకారుల మోకాళ్ళ వైపు చూస్తే పైన చెప్పినది తేటపడుతుంది.

దించేటప్పుడు

మోకాలిచిప్పకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఇక్కడే. నిలబడినవాడు బరువు దించాలనగానే, కుర్చీలో కూర్చునేటట్లు ముందుగా మోకాళ్ళు వంచుతాడు. వంగిన మోకాళ్ళు ముందుకు పొడుచుకు వస్తాయి. బారు తొడల మీదుగా జారుతూ వచ్చి నేరుగా చిప్పలపై పడుతుంది. దానిని తప్పించబోయి బారును ముందుకు తోస్తే ఆ భారమంతా నడుముపై పడుతుంది.

సరియైన క్రమం దీనికి తారుమారుగా ఉంటుంది. మొదట మోకాళ్ళు కొద్దిగా మాత్రమే సడలించి, తుంటిని వెనక్కు నెట్టాలి. రెండు చేతులలో సామాను పట్టుకొని ఉన్నప్పుడు వెనుకనున్న తలుపును పిరుదులతో నెట్టి మూసినట్లు ఉంటుంది ఈ కదలిక. బారు తొడలను తాకుతూ కిందికి దిగుతుంది. అది మోకాలిచిప్పలను దాటి దిగువకు వచ్చిన తరువాతనే మోకాళ్ళు వంచి నేలకు చేర్చాలి. లేపినప్పటి సినిమాను వెనక్కు తిప్పినట్లు ఉండాలన్నమాట.

దీనిని బరువు లేకుండా హాస్టల్ గదిలోనే అభ్యసించవచ్చు. గోడకు వీపు చేసి, ఒక అడుగు దూరంలో నిలబడి, చీపురు కర్రను తొడలకు ఆనించి పట్టుకోవాలి. మోకాళ్ళు ముందుకు రాకుండా పిరుదులు గోడను తాకే వరకు తుంటిని వెనక్కు పంపాలి. కర్ర తొడలను విడిచిపోకూడదు. ఇది సులభమైన తరువాత మరో రెండు అంగుళాలు ముందుకు జరగాలి. వ్యాయామశాలలో దీనికి సరిపోయినది రుమేనియన్ డెడ్‌లిఫ్ట్. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ స్వర్ణ విజేత, రుమేనియాకు చెందిన నికు వ్లాద్ చేసిన అభ్యాసాన్ని బట్టి అమెరికాలో దానికి ఆ పేరు వచ్చిందంటారు. అందులో బారును నేల వరకు దించరు, మోకాలి కింది వరకు దించి తిరిగి లేస్తారు. తక్కువ బరువుతో దీనిని కొన్ని వారాలు చేసినవారికి దించడంలో మోకాలు కొట్టుకోవడం దాదాపు ఉండదు. స్నేహితుని చేత పక్కనుండి ఫోనులో వీడియో తీయించుకుంటే, బారు నిట్టనిలువుగా పోతున్నదో మోకాలి చుట్టూ వంకర తిరుగుతున్నదో వెంటనే తెలుస్తుంది.

దుస్తులు, రక్షణ

అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ నియమాల ప్రకారం డెడ్‌లిఫ్ట్ చేసేవారు జంఘలను కప్పే పొడవైన సాక్సులు తప్పనిసరిగా ధరించాలి. అభ్యాసంలో ఫుట్‌బాల్ సాక్సులు గానీ, మందపాటి ట్రాక్ ప్యాంటు గానీ సరిపోతాయి. నిక్కరుతో ఈ వ్యాయామం చేయకపోవడమే మేలు. సాక్సుల లోపల ప్లాస్టిక్ కవచాలు పెట్టుకునేవారు ఉన్నారు, కానీ వాటి మందం బారును ముందుకు నెడుతుంది. బారు తొడలపై సులభంగా జారడానికి కొందరు పౌడరు రాసుకుంటారు. పోటీలలో పౌడరుకు అనుమతి ఉంది, నూనె వంటి జారుడు పదార్థాలకు లేదు. పౌడరు చేతులకు అంటకుండా చూసుకోవాలి. చేతి పట్టుకు వాడేది వేరే, అది మెగ్నీషియం కార్బొనేట్ పొడి. దానిని కూడా సుద్ద అనే పిలుస్తారు గానీ బడిలో నల్లబల్లపై రాసే సుద్దముక్కలతో దానికి సంబంధం లేదు.

గాయమైనప్పుడు

దోక్కుపోయిన చోటును పారే నీటితో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, గాజు గుడ్డ కట్టాలి. పసుపు, కాఫీ పొడి వంటివి అద్దరాదు. ధనుర్వాతం టీకా చివరిసారి వేయించుకొని పదేళ్ళు దాటినవారు తిరిగి వేయించుకోవాలి. మన జాతీయ టీకాల పట్టికలో 16 ఏళ్ళ వయసులో ఒక మోతాదు ఉంది. అది తీసుకున్నదీ లేనిదీ ఇంట్లో అడిగి తెలుసుకోవడం విద్యార్థులకు మంచిది. మధుమేహం ఉన్నవారు కాలి గాయాన్ని చిన్నదైనా ఉపేక్షించరాదు.

బారుపై పడిన రక్తం సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకే బారును రోజుకు ఎందరో వాడే చోట ఇది అందరికీ సంబంధించిన విషయం. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట, ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు జీవించగలదు. గరుకు గీతల సందులలో దిగిన రక్తం తుండుతో తుడిస్తే పోదు. చేతికి తొడుగు వేసుకొని, బ్లీచింగ్ ద్రావణంలో ముంచిన బ్రష్‌తో రుద్ది, కొంతసేపు ఉంచి, తరువాత తుప్పు పట్టకుండా పొడిగా తుడవాలి. గాయమైన సంగతి చెప్పడానికి సిగ్గుపడి ప్యాంటు కిందికి లాక్కొని వెళ్ళిపోయే కుర్రవాళ్ళు, తమ తరువాత బారు పట్టుకునేవానికి హాని చేస్తున్నారని గ్రహించరు.

మోకాలికి దెబ్బ తగిలితే ఆ రోజుకు వ్యాయామం ఆపి, గుడ్డలో చుట్టిన మంచుముక్కలను పావుగంట పాటు పెట్టవచ్చు. వాపు ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, కాలిపై బరువు మోపలేకపోయినా, మోకాలును నిటారుగా చాపలేకపోయినా ఎముకల వైద్యునికి చూపించాలి. జంఘపై గాయం మానే వరకు షట్కోణాకారపు ‘ట్రాప్ బార్’ దొరికితే దానితో చేయవచ్చు. లేపేవాడు ఆ చట్రం మధ్యలో నిలబడతాడు కనుక కాళ్ళ ముందు ఇనుము ఉండదు. అది లేనిచోట రెండు డంబెల్స్‌ను శరీరానికి రెండు పక్కలా పట్టుకొని చేస్తే సరిపోతుంది.